నేను తర్జుమా చేయని మాట

ఈ బరువు మోయడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు ఎప్పుడో దాటిపోయాయి. అన్నం కలుపుకుంటూ ఉండగా చెయ్యి ఆగిపోతుంది. ఎవరైనా నన్ను మంచివాడని అంటే ముఖం పక్కకు తిప్పుకుంటాను. మా ఆవిడ దాన్ని సిగ్గు అనుకుంటుంది. ఇంతకాలం కాపురంలో ఆమెకు నేను చెప్పకుండా దాచిన సంగతి ఇదొక్కటే.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. ఇందులో వచ్చే పేర్లు కూడా అసలువి కావు. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తాను. ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు మీకు అనిపిస్తే అక్కడ నన్ను నమ్మకండి.

సంగతి ఇది. ఒక మనిషి నాకొక మాట చెప్పాడు. ఆ మాట చేరవలసినవాళ్ళకు నేను చేర్చలేదు. ఇద్దరు చనిపోయారు. వాళ్ళలో ఒకడు నా స్నేహితుడు. తర్వాత నేను, ఆ మాట చెప్పిన మనిషినే దోషిని చేశాను.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఇల్లు. సరస్సుకు ఇవతల తెలుగు, అవతల అరవం. మా చేపలు కొనేవాళ్ళూ, పడవలు బాగుచేసేవాళ్ళూ, మా మేనత్త మొగుడూ అందరూ అరవమే మాట్లాడేవాళ్ళు. అలా చిన్నప్పటి నుంచే నాకు రెండు భాషలూ వచ్చు. ఇరవై ఏళ్ళు నిండకముందే సైన్యంలో చేరాను. అక్కడ హిందీ వచ్చింది.

మా కంపెనీలో తెలుగు మాట్లాడేవాళ్ళం ఇద్దరమే. రెండోవాడు మస్తాన్. వాళ్ళది విడవలూరు. తండ్రి దూది ఏకి పరుపులు కుట్టేవాడు. సైన్యంలో మాకిచ్చిన పరుపు మీద చెయ్యి వేసి, "ఇది దూది కాదురా, ఎవురో కసువు కూరినారు" అని మొదటి రోజే తీర్పు చెప్పాడు. ఎవరి చొక్కా చిరిగినా వాడే కుట్టిపెట్టేవాడు. మిగతావాళ్ళకు అర్థం కాకూడని మాటలన్నీ మేం తెలుగులో చెప్పుకునేవాళ్ళం. ఈ విషయం గుర్తుంచుకోండి. మా ఇద్దరికీ మాత్రమే తెలిసిన భాష ఒకటి మా దగ్గర ఉంది.

అప్పట్లో శ్రీలంకలో అక్కడివాళ్ళ మధ్యే యుద్ధం జరుగుతోంది. ఒక వైపు ప్రభుత్వం, ఒక వైపు ఆయుధాలు పట్టిన తమిళ యువకులు. ఇద్దరి మధ్య నిలబడి శాంతి కాపాడాలని చెప్పి మమ్మల్ని పంపారు. ఓడ దిగిన రోజు ఆడవాళ్ళు ఎదురొచ్చి దండలు వేశారు. ఒక ముసలమ్మ మస్తాన్ బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. మూడు నెలలు తిరిగేసరికి ఆ వీధుల్లోనే తలుపులు మూసుకున్నాయి. ఎవరిని కాపాడటానికి వచ్చామో వాళ్ళ బిడ్డలతోనే కాల్పులు జరుపుకుంటున్నాం. ఎప్పుడు మారింది, ఎలా మారింది? నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. అక్కడి జనం ఆ యువకులను "పిల్లలు" అనేవాళ్ళు. మాకు శత్రువులు, వాళ్ళకు పిల్లలు. ఆ రెండు మాటలనూ ఒక నోటితో పలకవలసిన పని నాది. అరవం వచ్చినవాణ్ణి కాబట్టి మా అధికారి పక్కన నడుస్తూ, ఆయన హిందీని అరవంలోకి, జనం అరవాన్ని హిందీలోకి మార్చేవాణ్ణి.

ఒక రోజు బావి దగ్గర బట్టలు పిండుకుంటూ మస్తాన్ అన్నాడు.

"విడవలూర్లో అన్నాదమ్ములు కొట్టుకుంటా ఉంటే పక్కూరోళ్ళు కర్రలెత్తుకుని వచ్చినారనుకో. ఆ ఇద్దురూ కలిసి ముందు వాళ్ళని తంతారు గదరా. మన పనీ అంతే అయింది ఈడ."

నేను నవ్వాను. ఆ మాట నిజమని అప్పుడే అనిపించింది. కానీ నిజమని అనిపించినంత మాత్రాన మర్నాడు బూట్లు వేసుకోకుండా ఉంటామా? వేసుకున్నాం.

తర్వాతి వారాల్లో జరిగినవి రెండు చెప్పాలి. ఒక ఊళ్ళో బడిపంతులు ఒకాయన ఆయుధాలు దాచిన ఇల్లు చూపించాడు. ఆయన మాటను హిందీలో చెప్పింది నేనే. నాలుగు రోజుల తర్వాత "పిల్లలు" ఆయన్ని చంపి బడి ముందే పడేశారు. ఇంకో ఊళ్ళో ఒకామె దారిలో మందుపాతర ఉందని చెప్పింది. నేను ఆ మాట చెబితే అందరం బురదలో పడి నాలుగు గంటలు చుట్టు తిరిగి వెళ్ళాం. తీరా చూస్తే ఆ దారిలో ఏమీ లేదు. ఆ రోజంతా నన్ను తిట్టని వాడు లేడు. పిరికివాడు, చెవిలో ఏం ఊదినా నమ్ముతాడని నా ముందే అన్నారు.

ఈ రెండూ ఎందుకు చెబుతున్నాను? మీరు నన్ను అర్థం చేసుకోవాలనా? క్షమించాలనా? నాకు తెలియదు. ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్న సాకులు ఈ రెండే.

ఆ రోజు ఉదయం ఎనిమిది గంటలై ఉంటుంది. పదకొండు మందిమి. ఉప్పునీటి మడుగుకు అవతల పాడుబడిన కట్టడం ఒకటి ఉంది. అక్కడి దాకా వెళ్ళి చూసి రావాలి. మడుగు మధ్యగా వేసిన మట్టికట్ట మీద బాట ఉంది. అది కాదంటే మోకాలి లోతు నీళ్ళలో దిగి పోవాలి. కట్ట మొదట్లో ఒక గుడిసె. గుడిసె ముందు ఒక ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. ఆయన పేరు సవరిముత్తు.

అవతల ఎవరైనా తిరుగుతున్నారేమో అడగమన్నాడు మా అధికారి. నేను ముసలాయన ముందు గొంతుక్కూర్చున్నాను. ఆయన వేస్తున్న ముడి మా నాయన వేసే ముడే. నా చూపు దాని మీదే ఉండటం ఆయన గమనించాడు. మా మధ్య జరిగిన మాటలు తెలుగులో రాస్తున్నాను. పులికాట్‌ను అరవంలో పళవేర్కాడు అంటారు.

"వల పని తెలుసా?"

"మాది పళవేర్కాడు సరస్సు. మా నాయన చేపలు పడతాడు."

ఆయన చెయ్యి ఆగింది. "మా అమ్మమ్మ ఆ పేరు చెబుతుండేది," అన్నాడు. మళ్ళీ వల మీదికి వంగాడు. తల ఎత్తకుండానే చెప్పాడు.

"తమ్ముడూ, కట్ట మీద పోవద్దు. మొన్న పిల్లలు వచ్చి తవ్వారు. నీళ్ళలో దిగి పోండి. నేను చెప్పానని చెప్పొద్దు. నువ్వే చూసి కనిపెట్టినట్టు చెప్పు."

"ఎక్కడ తవ్వారు?"

"మధ్యలో ఎక్కడో. నేను తల తిప్పి చూడలేదు. చూస్తే నన్నుంచరు."

వెనక నుంచి మా అధికారి అడిగాడు, ఏమంటున్నాడని.

"చేపలు సరిగా పడటం లేదట సార్," అన్నాను.

అది నా నోట వచ్చిన మాట. ఇన్నేళ్ళలో దాన్ని ఎన్నిసార్లు విన్నానో. ఎందుకు అలా అన్నాను? బడిపంతులు కళ్ళ ముందు మెదిలాడు, ఈ ముసలాయనకు ఆ గతి పట్టకూడదనుకున్నాను అని ఒకప్పుడు చెప్పుకునేవాణ్ణి. అది కొంత నిజమే. మళ్ళీ అందరి చేత తిట్లు తినలేక అని ఇంకొన్నాళ్ళు చెప్పుకున్నాను. అదీ కొంత నిజమే. ఆయన కోరినట్టు నేనే కనిపెట్టినట్టు చెప్పి ఉండవచ్చు కదా? చెప్పబోయాను కూడా. లేచి, "నీళ్ళలో దిగి పోతే మంచిదేమో సార్," అన్నాను. ఎందుకని అడిగాడాయన. "ఊరికే సార్," అన్నాను. ఆయన నవ్వి, చేపలవాడికి నీళ్ళు కనబడితే కాళ్ళు ఆగవు, పద అన్నాడు. మిగతావాళ్ళూ నవ్వారు. నేను ఇంకొక్క మాట అనలేదు.

ఇక్కడి దాకా వింటే నన్ను భయస్థుడంటారు, బలహీనుడంటారు. అంతటితో ఆగితే నేను ఇది రాయవలసిన పని లేదు.

వరసలో మస్తాన్ రెండోవాడు. అధికారి మూడో మనిషి. ఆయన వెనకే నేను నడవాలి. అది నా చోటు. కట్ట ఎక్కే దగ్గర నేను వంగి బూటు తాడు పట్టుకున్నాను. తాడు ఊడలేదు. గట్టిగానే ఉంది. దాన్ని విప్పాను. మళ్ళీ కట్టాను. ఒక్కొక్కరే నన్ను దాటుకుని వెళ్ళారు. మస్తాన్ వెనక్కి తిరిగి చూశాడు.

"ఏందిరా, రావా?" అన్నాడు తెలుగులో.

"వస్తా, నువ్వు పద," అన్నాను తెలుగులో.

మా ఇద్దరికీ మాత్రమే తెలిసిన భాషలో. ఆ పదకొండు మందిలో ఇంకెవరికీ అర్థం కాని భాషలో. "ఆగరా" అంటే సరిపోయేది. ఆ ముసలాయనకు ముప్పు లేదు, నాకు తిట్లు లేవు. ఒక్క మాటతో అయిపోయేది. నా సాకులు రెండూ అక్కడే చచ్చిపోతాయి. ఎందుకు అనలేదు? ముసలాయన మాట నమ్మలేదా? నమ్మకపోతే వెనక్కి ఎందుకు చేరాను? నమ్మితే వాణ్ణి ఎందుకు పోనిచ్చాను? సగం నమ్మాననుకుంటాను. ఆ సగం నమ్మకాన్ని నా ప్రాణం కోసం వాడుకున్నాను. వాడి కోసం వాడలేదు. ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు రాదు.

పేలుడు గురించి ఎక్కువ రాయను. ముందు నడిచినతను, మస్తాన్ అక్కడికక్కడే పోయారు. అధికారి వినికిడి పోయి ఆసుపత్రికి వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. వరసలో చివర ఉన్న నాకు మట్టి మాత్రం మీద పడింది. ముందు నడిచినతనిది హిమాలయాల దగ్గర ఏదో ఊరు. అతని తల్లి ముఖం నేను చూడలేదు. చూడలేదు కాబట్టి అతని కోసం ఏడవలేదు. ఇదీ ఒప్పుకోవాలి.

మధ్యాహ్నానికి ఇంకో అధికారి వచ్చాడు. సవరిముత్తును పిలిపించారు. నన్ను పక్కన నిలబెట్టారు. మందుపాతర సంగతి ఇతనికి తెలుసా అని అడగమన్నారు. అడిగాను.

ముసలాయన నా కళ్ళలోకి చూశాడు. "నీకు చెప్పాను కదా తమ్ముడూ. పొద్దున్నే చెప్పాను కదా. ఆ మాటే వాళ్ళకు చెప్పు," అన్నాడు. ఇక దాచుకోవడం ఆయనకు అనవసరమైపోయింది.

నేను హిందీలో చెప్పాను. "తనకేమీ తెలియదంటున్నాడు సార్. కట్ట బాగానే ఉందన్నాడు పొద్దున."

ఆయనకు హిందీ రాదు. నేను మాట్లాడటం పూర్తయ్యేదాకా నా ముఖం చూస్తూ, నేను ఆపగానే అధికారి వైపు తిరిగి, అవునన్నట్టు తల ఊపాడు. తన మాట చేరిందనుకున్నాడు.

గుమ్మం ముందే బాట ఉన్నవాడికి తెలియకపోవడం ఏమిటని అధికారికి అనుమానం. ఎవరికైనా అదే అనుమానం వస్తుంది. విచారించాలి, తీసుకురండి అన్నాడు. సవరిముత్తు ఎదురు చెప్పకుండా వాహనం ఎక్కాడు. భయం లేదు ఆయన ముఖంలో. సరిగ్గా చెప్పే మనిషి ఒకడు తన పక్కన ఉన్నాడనే ధైర్యం. ఆ మనిషి నేనే.

ఆయన భార్య రోజూ మా శిబిరం గేటు దగ్గరికి వచ్చి కూర్చునేది. నేను ఆ వైపు వెళ్ళడం మానేశాను. తొమ్మిది రోజుల తర్వాత మా కంపెనీని వేరే చోటికి పంపారు. వెళ్ళేటప్పుడు కూడా ఆమె అక్కడే ఉంది. ఆయన్ని తర్వాత వదిలేశారో, ఇంకేమైనా అయిందో నాకు తెలియదు. తెలుసుకోవచ్చు. అడిగితే ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. నేను అడగలేదు.

సెలవు దొరకగానే విడవలూరు వెళ్ళాను. మస్తాన్ తల్లి ఖాసింబీ నన్ను కూర్చోబెట్టి, ముందు అన్నం పెట్టింది. తిన్న తర్వాత అడిగింది.

"అంత ఊరుంది గదా నాయనా ఆడ. ఆ దోవన పోవద్దని ఒక్కరన్నా చెప్పలేదా మీకు?"

"లేదుమ్మా."

"ఒక్కరు గూడానా?"

"ఒక్కరూ చెప్పలేదు."

ఆమె నా కంచం తీసుకుని లేచింది. "ఎట్టాంటి మనుషులో," అంది. ఒక ఊరు ఊరంతా చూస్తూ ఊరుకుని తన బిడ్డను చంపిందని ఆమె నమ్మింది. నేను నమ్మించాను.

సైన్యం నుంచి వచ్చేశాక నెల్లూరులో ఒక బ్యాంకులో గన్‌మెన్‌గా చేరాను. వెంకటాచలంలో ఇల్లు కట్టుకున్నాను. ప్రతి రంజాన్‌కూ విడవలూరు వెళ్ళేవాణ్ణి. మధ్యలో కూడా వెళ్ళేవాణ్ణి. ఆమె మోకాళ్ళ నొప్పులకు ఆసుపత్రికి తీసుకువెళ్ళింది నేనే. మస్తాన్ చెల్లెలు హుసేనమ్మ పెళ్ళికి అన్న చోట నిలబడింది నేనే. నన్ను రెండో కొడుకని ఖాసింబీ పదిమందికీ చెప్పేది.

ఏళ్ళు గడిచాక, శ్రీలంకలో యుద్ధం ముగిసే రోజుల్లో టీవీలో చూపిస్తున్నారు. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని ఇసుకలో నడుస్తున్నారు. ఖాసింబీ కళ్ళార్పకుండా చూసింది. చూసి చూసి అంది:

"వాళ్ళకీ బిడ్డలుండారు గదా. పాపం, ఏం బయమో ఏమో, చెప్పలేకపొయినారు ఆ పొద్దు. పోనీలే నాయనా. నేను మనసులో ఏం పెట్టుకోలా."

క్షమించవలసిన తప్పేమీ చేయనివాళ్ళను ఆమె క్షమించింది. నేను పక్కనే కూర్చుని టీ తాగుతున్నాను. అప్పుడు చెప్పి ఉండవలసింది. గ్లాసు కింద పెట్టి, అమ్మా, అని మొదలుపెడితే చాలు. తాగడం పూర్తి చేసి, బస్సుకు వేళైందని లేచాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మా వీధిలో నాకు ఒక పేరుంది. ఏ దేశంలో అంతర్యుద్ధం వచ్చినా, ఇంకో దేశం అక్కడికి సైన్యాన్ని పంపుతోందని వార్త వచ్చినా, టీ అంగడి దగ్గర నన్నే అడుగుతారు. "మీరు చూసొచ్చినారు గదన్నా, ఏమంటారు?" అంటారు. పరాయి ఇంటి గొడవలోకి తుపాకీతో పోకూడదంటాను. పోయినవాడు ఏ పక్క నిలబడ్డాడో వాడికే తెలియదంటాను. మేలు చేయడానికని పోతాం, మూడు నెలల్లో మన ప్రాణం కాపాడుకోవడం తప్ప ఇంకో పని మిగలదంటాను. అందరూ తల ఊపుతారు. అనుభవం మీద చెబుతున్నాడంటారు.

నేను చెప్పేది అబద్ధం కాదు. ఈ రోజుకీ నా నమ్మకం అదే. మమ్మల్ని అక్కడికి పంపకుండా ఉండాల్సింది. పంపినవాళ్ళు ఎవరూ ఆ కట్ట మీద నడవలేదు. కానీ ఆ నిజం వెనక నేను ఎంత సుఖంగా దాక్కున్నానో నాకే తెలుసు. యుద్ధం తప్పు, పంపడం తప్పు, కాలం తప్పు అని గట్టిగా చెప్పే కొద్దీ నా తప్పు చిన్నదైపోతున్నట్టు ఉండేది. యుద్ధం నన్ను ఆ కట్ట దగ్గరికి తీసుకువెళ్ళింది. బూటు తాడు విప్పింది యుద్ధం కాదు. పదకొండు మందిలో పది మందికి కూడా ఆ యుద్ధమే కదా? వాళ్ళెవరూ వంగలేదు.

ఖాసింబీ ఈ మధ్యే పోయింది. నిద్రలోనే పోయింది. నేను వెళ్ళి మట్టి వేశాను. చెబుతాను, ఎప్పుడో ఒకప్పుడు చెబుతాను అని ఇన్నేళ్ళూ ఎవరి గురించి అనుకున్నానో ఆ మనిషి ఇక లేదు. నాకు ఆ క్షణంలో దుఃఖంతో పాటు ఇంకొకటి కలిగింది. ఇక చెప్పనక్కర్లేదనే తేలిక. అది గుర్తుపట్టాక నా మీద నాకే రోత పుట్టింది.

నలభయ్యో రోజు అయిపోయిన తర్వాతి వారం విడవలూరు వెళ్ళాను. తల్లి ఇంట్లో ఇప్పుడు హుసేనమ్మ ఉంటోంది. ఆమె ఒక్కతే ఉంది, మిషను కుడుతోంది. నన్ను చూసి కుర్చీ వేసింది. కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాను. ముసలాయన చెప్పింది, నేను చెప్పనిది, బూటు తాడు, మస్తాన్ తిరిగి చూడటం, మధ్యాహ్నం నేను చెప్పిన తప్పుడు తర్జుమా, గేటు దగ్గర కూర్చున్న ముసలాయన భార్య, అన్నీ చెప్పాను. మధ్యలో ఎక్కడా ఆపలేదు. ఆమె కూడా ఆపలేదు. గుడ్డ మీద చేతులు పెట్టుకుని వింది.

అయిపోయాక అడిగింది.

"మా అమ్మకి ఎందుకు చెప్పలా?"

"ధైర్యం చాలలేదమ్మా."

"ఆమె చేతి కూడు తిన్నావు గదన్నా. ఎన్నేండ్లు తిన్నావు."

నేను కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాను.

"ఆ ఊరోళ్ళని తిట్టుకుంటా బతికింది మా అమ్మ చానా రోజులు. నేను గూడా తిట్టినా," అంది. గొంతు పెంచలేదు. "ఆ ముసలాయన పెండ్లాం ఏమయిందో."

"తెలియదమ్మా."

ఆమె మిషను మీది గుడ్డ తీసి మడత పెట్టింది. మళ్ళీ విప్పి, మళ్ళీ పెట్టింది.

"ఇంక నువ్వు రావాకన్నా మా ఇంటికి," అంది.

సరేనమ్మా అన్నాను. బయటికి వచ్చి చెప్పులు వేసుకున్నాను. బస్టాండు దాకా నడిచాను. నెల్లూరు బస్సు చాలాసేపటికి వచ్చింది, కిటికీ పక్కన చోటు దొరికింది.

ఆమె నన్ను క్షమించలేదు. క్షమించమని నేనూ అడగలేదు. సవరిముత్తు ఊరి పేరు నాకు గుర్తుంది. అక్కడికి ఉత్తరం రాయాలనుకుంటున్నాను. ఎవరి పేరున రాయాలో తెలియడం లేదు. రాసినా అందుకునేవాళ్ళు మిగిలారో లేదో తెలియదు. రాస్తాననే అంటున్నాను; ఇంతకుముందు కూడా ఎన్నో చేస్తానన్నాను కాబట్టి ఈ మాటను మీరు పెద్దగా పట్టించుకోకండి.

ఒక్కటి మాత్రం చెప్పగలను. ఆ ఇంట్లో ఇన్నేళ్ళు రంజాన్ సేమియా తిన్న మనిషి, రెండో కొడుకని పిలిపించుకున్న మనిషి, నేను అబద్ధాలతో తయారుచేసి పంపినవాడు. హుసేనమ్మ రావద్దన్నది అసలు నన్ను. ఆ గడపలో నాతో, నేనెవరో తెలిసి ఒకరు మాట్లాడటం అదే మొదటిసారి.